గుత్తకిచ్చు ముందు: ఇల్లు, గోదాము కట్టించు రైతులకు



శనగ, జొన్న కల్లములు ముగిసి గింజ ఇల్లు చేరిన తరువాత మన కర్నూలు, కడప జిల్లాలలో కట్టుబడి పనులు మొదలగును. మాఘము నుండి జ్యేష్ఠము వరకు ఏ గ్రామమునకు పోయినను ఎక్కడో ఒకచోట పునాది తీయుటయో, గోడ లేచుటయో కనబడును. విత్తనము కొనునప్పుడు నాలుగు అంగళ్లు తిరుగు రైతు, ఎద్దును కొనునప్పుడు పండ్లు పట్టి చూచు రైతు, తన జీవితములో అన్నిటికన్న పెద్ద ఖర్చయిన ఇంటిపనిని మాత్రము తరచుగా ఒకే ప్రశ్నతో తేల్చివేయుచున్నాడు: "చదరపు అడుగు ఎంతకు చేస్తావు?" ఎవరు తక్కువ చెప్పిన వారికే పని. ఆ తక్కువ ఎక్కడ నుండి వచ్చినదో అడుగువారు అరుదు.

సేద్యము పాఠములు చెప్పు వానికి ఇండ్లతో పని యేమని మీరు అడుగవచ్చును. పని ఉన్నది. కట్టడమునకు కావలసిన మట్టి మీ చేనిది, ఇసుక మీ వంకది, నీరు మీ బోరుది. గుత్త తప్పుగా ఇచ్చినచో ఇల్లే కాదు, ఈ మూడును చెడిపోవును. ఇది మా ఇంట జరిగిన సంగతి.

మా ఊరిలో ఇండ్లు నల్లరేగడిలో ఉన్నవి. గుట్ట దిగువ చేలు ఎర్రనేలలు. 2011లో మా నాయన పాత మిద్దె తీసి కొత్త ఇల్లు కట్టించినారు. ముగ్గురు మేస్త్రీలను అడిగి, అందరికన్న 40 వేలు తక్కువ చెప్పిన వానికి పని ఒప్పగించినారు. ఆ మేస్త్రి చెప్పిన ఉపాయమేమనగా, ఇటుకలు బయట కొననక్కరలేదు, మా ఎర్రచేను మూలనున్న మట్టినే తీసి బట్టీ వేయించవచ్చునని. పది సెంట్లలో అడుగు లోతు మట్టి లేచిపోయినది. ఇంటి పునాది రేగడిలో మూడడుగులకే ఆపి రాళ్లు నింపినాడు. రెండు ఎండాకాలములు గడచులోగా గోడ కిటికీ మూల నుండి పునాది వరకు బీటవారినది. బీటను సిమెంటుతో పూడ్చినాము. మరుసటి వేసవికి మరల తెరచుకొన్నది. చేను మూలలో ఈనాటికిని వేరుశనగ మొక్క పసుపుపచ్చగానే ఉండును. ఎరువు ఎంత తోలినను మిగిలిన చేనుతో సమానము కాలేదు. అప్పటికి నేను వ్యవసాయ కళాశాలలో నేలల పాఠములు చదువుచున్న వాడను. సెలవులకు వచ్చి, ఆ గుంతను చూచి, నోరు మెదపలేదు. పెద్దలు తీసుకొన్న నిర్ణయమనుకొన్నాను.

ఇటుకలో పోవు చేను

ఈ లెక్క ఒకసారి చూడుడు. ఎకరము నేలలో నాగలి తగులు పై అరడుగు మట్టి సుమారు 900 టన్నులు తూగును. అనగా సెంటుకు 9 టన్నులు. ఒక మట్టి ఇటుకకు సుమారు 3 కిలోల మట్టి కావలెను. ఒక ఇంటికి 20,000 ఇటుకలు పట్టినచో 60 టన్నుల మట్టి అగును. ఇది ఆరేడు సెంట్ల నేలలోని పై అరడుగు మట్టికి సమానము. మొక్కకు కావలసిన జీవపదార్థము, నత్రజని, మేలుచేయు సూక్ష్మజీవులు ఎక్కువగా ఉండునది ఆ అరడుగులోనే. మన వాతావరణములో అంగుళము మట్టి తయారగుటకు వందల ఏండ్లు పట్టును. బట్టీవాడు ఇచ్చు సొమ్ము ఒక సంవత్సరమునకు కనబడును. ఆ నష్టము మనుమల కాలమునకును కనబడును.

దీనికి బదులు మన ఇంటి ముందరే ఉన్నది. కడప జిల్లా కలమల్ల వద్ద రాయలసీమ తాప విద్యుత్కేంద్రము 1994 నుండి బొగ్గు కాల్చుచున్నది. బొగ్గు కాలగా మిగులు సన్నని బూడిదను సున్నముతోను, జిప్సముతోను, లేక సిమెంటుతోను కలిపి, అచ్చు పోసి, నీటితో తడిపి గట్టిపరచిన బూడిద ఇటుకలు మన రెండు జిల్లాలలోను దొరకుచున్నవి. వీటికి చేని మట్టి అక్కరలేదు, బట్టీలో కట్టెలు కాల్చనక్కరలేదు. తాప విద్యుత్కేంద్రములకు 50 కిలోమీటర్ల లోపల మట్టి ఇటుకలు చేయువారు కనీసము నూటికి 25 వంతులు బూడిద కలుపవలెనని కేంద్ర ప్రభుత్వము 1999లోనే ఆదేశించినది. బూడిద వాడకమునకు సంబంధించిన ఈ పరిధిని 2016లో 300 కిలోమీటర్లకు పెంచిరి. పై మట్టిని కాపాడుట ఆ ఆదేశము ఉద్దేశములలో ఒకటి.

అయితే బూడిద ఇటుకయని పేరున్నంత మాత్రమున కొనరాదు. తొందరపడి, సరిగా తడపకుండ ఎండబెట్టి అమ్మునవియు ఉన్నవి. ఇంటిలోనే చేయదగిన పరీక్ష ఒకటి గలదు. బాగుగా ఎండిన ఇటుకను తూచి, 24 గంటలు నీటిలో ముంచి ఉంచి, తీసి, తుడిచి మరల తూచవలెను. బరువు నూటికి 20 వంతులకు మించి పెరుగరాదు. మూడు కిలోల ఇటుక 600 గ్రాములకన్న ఎక్కువ నీరు త్రాగినచో ఆ లారీని వెనుకకు పంపవలెను. ఈ పరీక్ష మట్టి ఇటుకకును చెల్లును.

రాయి, మిద్దె, చవుడు

ఇటుక కన్న ముందు రాయిని తలచుకొనవలెను. బేతంచర్ల, జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతముల నాపరాయి దేశమంతట "కడప రాయి" అను పేరున పోవుచున్నది. గనుల వద్దను, పాలిష్ ఫ్యాక్టరీల వద్దను మిగిలిన ముక్కలు గుట్టలుగా పడియున్నవి. బేస్‌మట్టము, పశువుల కొట్టము నేల, గోదాము నేల, కాలువ వరుస, వాకిలి పరుపు, వీటన్నిటికిని ఆ ముక్కలు చాలును. పెద్ద బండలు కావలెనను పట్టు అక్కరలేదు. నాపరాతి నేలపై బస్తాలు పెట్టునప్పుడు మాత్రము క్రింద చెక్కలు వేయుట మరువరాదు.

మన పూర్వులు కట్టిన మిద్దెలలో చదువదగిన పాఠము ఒకటి ఉన్నది. దూలములపై దంతెలు, వాటిపై బండలో కట్టెలో పరచి, పైన చవుడు మట్టి వేసి కొట్టెడివారు. చవుడు నేలలో పైరు రాదని మనకందరకు తెలియును. ఏల రాదు? ఆ మట్టిలో సోడియము ఎక్కువ. తడిసినప్పుడు బంకమట్టి రేణువులు విడిపోయి సందులన్నిటిని పూడ్చివేయును. నీరు క్రిందికి దిగదు. చేనికి ఏది శాపమో మిద్దెకు అదే రక్ష. ప్రతి యేట వానలకు ముందు కొత్త చవుడు పలుచగా చల్లెడివారు. గోడలు మందము, పైన మట్టి మందము. కర్నూలు ఎండలలోను లోపల చల్లన.

అట్లని అందరు మరల మట్టి మిద్దెలు కట్టవలెనని నేను చెప్పుట లేదు. ఏటేట చల్లుచు పాత మట్టిని తీయకపోవుటచేత బరువు పెరిగి, దూలము చెదలు తిని, ముసురు వానలలో కూలి ప్రాణములు తీసిన మిద్దెలు ఉన్నవి. మనకు పనికివచ్చునది ఆ గుణము: మందపు రాతిగోడ, తక్కువ సిమెంటు, ఎండను ఆపు పైకప్పు. కొట్టమునకు, గోదామునకు రాతిగోడను మట్టి అడుసుతో కట్టి, వెలుపలి సందులను మాత్రము సున్నముతోనో సిమెంటుతోనో పూడ్చినచో గోడ తరములు నిలుచును. పునాదిలోను, నీరు తగులు చోటను మాత్రము మట్టి అడుసు పనికిరాదు.

సిమెంటు కొనునప్పుడు బూడిద కలిసిన పొజోలానా సిమెంటును అడుగవచ్చును. అందులో నూటికి 15 నుండి 35 వంతుల వరకు బూడిద ఉండును. ఒక టన్ను సిమెంటు క్లింకరు తయారగుటలో 800 కిలోలకు పైగా బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియును; క్లింకరు తగ్గినచో ఆ మేరకు వాయువును తగ్గును. కాని ఈ సిమెంటు నిదానముగా గట్టిపడును. కనీసము 10 దినములు తడిగా ఉంచవలెను. పని తొందరగా ముగించుకొని పోదలచిన మేస్త్రి దీనిని ఇష్టపడడు. వాని మాట విని సిమెంటు మార్చుటకన్న, తడుపుట ఎవరి బాధ్యతయో ముందే కాగితముపై వ్రాయించుట మంచిది. ఇంకొక మాట: మడికి పనికిరాని ఉప్పునీరు సిమెంటుకును పనికిరాదు.

పనికా, ఖర్చుకా?

గుత్త షరతులు ఎంత పని చేయునో చూపుటకు మన ప్రాంతములోనే పెద్ద ఉదాహరణ ఉన్నది. సుంకేసుల వద్ద తుంగభద్ర నీటిని మళ్లించి కర్నూలు నుండి కడపకు తెచ్చు కె.సి. కాలువను మొదట త్రవ్వించినది ప్రభుత్వము కాదు. మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అను ఇంగ్లీషు కంపెనీ. 1860 తరువాతి దశకములో పని జరిగినది. ఆ కంపెనీ పెట్టు పది లక్షల పౌన్ల మూలధనముపై నూటికి 5 వంతున వడ్డీకి ప్రభుత్వము హామీ ఇచ్చినది. కాలువలో నీరు పారినను పారకున్నను, రైతు నీరు కొన్నను కొనకున్నను, వాటాదారునకు వడ్డీ వచ్చును. ఖర్చు అంచనాలను మించినది, ఆశించిన రాబడి రాలేదు. తుదకు 1882లో ప్రభుత్వమే దానిని కొనవలసి వచ్చినది. నేడు ఆ కాలువ మనకు అన్నము పెట్టుచున్నది, అందులో సందేహము లేదు. కాని ఆ ఒప్పందము పనికి కాక పెట్టిన ఖర్చుకు హామీ ఇచ్చినది. మన ఇంటి గుత్తలోను అదే తప్పు వేరు రూపములో జరుగుచున్నది: పని కొలువకుండ, వారము వారము మేస్త్రి అడిగినంత చేతిలో పెట్టుట.

మూడు ధరలను పోల్చుట

మొదట మీరే ఒక కాగితము తయారు చేసికొనవలెను. అందరు మేస్త్రీలకు అదే కాగితము ఇవ్వవలెను. ఒకడు అరడుగు గోడకు, మరొకడు ముప్పాతిక అడుగు గోడకు ధర చెప్పినచో ఆ రెండు ధరలను పోల్చుట వ్యర్థము. పునాది లోతు, గోడ మందము, ఏ ఇటుక లేక ఏ రాయి, సిమెంటు ఇసుక పాళ్లు, స్లాబు మందము, ఇనుము ఎంత, పూత లోపలనా వెలుపలనా, తడుపు నీరు ఎవరు తేవలెను, ఇవన్నియు అందులో ఉండవలెను. మీకు తెలియనిచో మండలములోని ఇంజనీరు చేతనో, అనుభవమున్న పెద్దమేస్త్రి చేతనో కొంత సొమ్ము ఇచ్చియైనను వ్రాయించుకొనుడు. ఇంటి మొత్తములో ఇది చిన్న ఖర్చు.

రేగడి నేలవారు పునాది మాటను ప్రత్యేకముగా పట్టుకొనవలెను. కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతముల చేలలో వేసవిలో చేయి పట్టునంత నెర్రెలు పడుట మీరెరుగుదురు. ఇంటి క్రింద మట్టియు అట్లే ముడుచుకొనును, వానకు ఉబ్బును. పునాదిని గరుసు తగులు వరకు దింపవలెను. గరుసు మరీ లోతున ఉన్నచో, అడుగున గంటవలె వెడల్పు చేసిన కాంక్రీటు పైళ్లు వేయు పద్ధతిని రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థ ఇటువంటి నేలల కొరకే రూపొందించినది. తక్కువ ధర చెప్పినవాడు మొదట కోత వేయునది పునాదిలోనే; మట్టి కప్పిన తరువాత ఎవరికిని కనబడదు గదా.

అదే కాగితములో నేలకు, నీటికి సంబంధించిన నాలుగు షరతులు చేర్చుడు. పునాది త్రవ్వునప్పుడు పై అరడుగు మట్టిని వేరుగా కుప్పవేసి మా చేనికి తోలవలెను. మా చేని మట్టితోగాని, చెరువు కట్ట మట్టితోగాని ఇటుక చేయరాదు. ఇసుక ఎక్కడ నుండి వచ్చినదో రసీదు చూపవలెను. స్లాబు నీరంతయు ఒక మూలకు వచ్చునట్లు వాలు పెట్టి, గొట్టము గుండ తొట్టికో ఇంకుడు గుంతకో దింపవలెను. ఇసుక షరతు చాదస్తము కాదు. పెన్న, పాపాగ్ని, చెయ్యేరు, హంద్రి వంటి ఏరులలో ఇసుకయే నీటిని పట్టి ఉంచు చెరువు. ఇసుక పోయినచో ఒడ్డు బావులు ఎండును. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ఇసుక తవ్వకమును నియంత్రించుటకు కారణము ఇదియే. వాననీటి లెక్కయు చూడుడు. వేయి చదరపు అడుగుల స్లాబుపై ఏటా 600 మిల్లీమీటర్ల వాన పడినచో 55 వేల లీటర్లకు పైగా నీరు వచ్చును. నాలుగింట మూడువంతులు పట్టినను 40 వేల లీటర్లకు తక్కువ కాదు. వాలు, గొట్టము స్లాబు పోయునప్పుడే పెట్టినచో ఖర్చు స్వల్పము. తరువాత పెట్టుట కష్టము.

ధరలు చేతికి వచ్చిన తరువాత, ప్రతి మేస్త్రి మూడు నాలుగు వానాకాలముల క్రిందట కట్టిన ఇంటిని పోయి చూడుడు. నిరుడు కట్టినది చూచుట వలన లాభము లేదు. సున్నపు తెలుపు అన్ని తప్పులను కప్పును. కిటికీల మూలలు, స్లాబు అడుగు, గోడ పాదమున చెమ్మ, వీటిని చూడుడు. ఇంటి యజమానిని కాక ఇంటి ఆడవారిని అడిగినచో నిజము త్వరగా తెలియును. ఏ గదిలో నీరు కారునో, వేసవిలో ఎక్కడ పండుకొనలేమో వారికే తెలియును.

సంఘముల మాట

గోదాము కట్టించు రైతు ఉత్పత్తిదారుల సంఘములును, సహకార సంఘములును తక్కువ ధర వానికే ఇవ్వవలెను, లేనిచో మాటపడవలసి వచ్చునని భయపడుదురు. భయము సహజము. కాని ప్రభుత్వమే ఈ నియమమును కొంత సడలించినది. కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరులో ఇచ్చిన సూచనలలో, ఎంపిక చేసిన పనులకు ధరతోపాటు నాణ్యతకును మార్కులు ఇవ్వవచ్చునని, అవి నూటికి 30కి మించరాదని పేర్కొన్నది. మీ సంఘమునకు ఏ గ్రాంటు వచ్చినదో దాని షరతులను ముందు చూచుకొని, అనుమతి ఉన్నచో ఈ పద్ధతి మన గోదాముకును సరిపోవును.

లెక్క తెలియుటకు మాత్రమే ఈ అంకెలు. మొదటివాడు 5,60,000, రెండవవాడు 6,00,000, మూడవవాడు 6,40,000 రూపాయలు చెప్పినారనుకొందము. ధరకు 70 మార్కులు. అందరికన్న తక్కువ చెప్పినవానికి పూర్తిగా 70. మిగిలినవారికి తక్కువ ధరను వారి ధరతో భాగించి 70తో హెచ్చవేయవలెను. రెండవవానికి 65.3, మూడవవానికి 61.25 వచ్చును. మిగిలిన 30 మార్కులను పాత పనులకు, రాయి లేక బూడిద ఇటుక వాడుటకు, పై మట్టిని వేరుచేయుటకు, వాననీటి ఏర్పాటుకు పంచవలెను. అందులో వారికి వరుసగా 10, 25, 22 వచ్చినచో మొత్తము 80, 90.3, 83.25 అగును. పని రెండవవానిది. ఈ మార్కులు ఎట్లు వేయుదురో టెండరు పిలుచు నోటీసులోనే వ్రాయవలెను. కవర్లు విప్పిన తరువాత కొలత మార్చినచో అది నాణ్యత కాదు, పక్షపాతమగును. సభ్యులందరి ఎదుట విప్పి, మార్కులను మినిట్సు పుస్తకములో ఎక్కించినచో రేపు వేలెత్తి చూపువారు ఉండరు.

మరీ తక్కువ ధర వచ్చినప్పుడు సంతోషించుటకన్న పిలిచి అడుగుట మేలు: ఇటుకలు ఎన్ని, సిమెంటు బస్తాలు ఎన్ని, కూలి దినములు ఎన్ని? లెక్క చెప్పగలిగినచో ఇవ్వవచ్చును. కొందరు నిజముగానే పొదుపుగా పని చేయుదురు. సొంత మనుషులు, సొంత సెంట్రింగు సామాను ఉన్నవారికి ఖర్చు తక్కువ. లెక్క చెప్పలేనివాడు పని నడుమ విడిచిపోవును, లేక సిమెంటులో మిగుల్చుకొనును.

సొమ్ము ఇచ్చు విధము

సామానుతో సహా గుత్త మంచిదా, కూలి గుత్త మంచిదా అని చాలమంది అడుగుదురు. మీరు దినమునకు రెండుసార్లు పని వద్ద నిలువగలిగినచో కూలి గుత్తయే మేలు. సామాను మీరే చూచి కొనవచ్చును. కాని కూలి గుత్తలో మేస్త్రికి సామాను దుబారా పట్టదు. సేద్యము పనిలో తీరిక లేనివారు సామానుతో గుత్త ఇచ్చి, కాగితమును గట్టిగా వ్రాయించుకొనవలెను.

బయానా స్వల్పముగా ఇచ్చి, మిగిలినది పని కొలిచి ఇవ్వవలెను: పునాది ముగిసి బేస్‌మట్టమునకు వచ్చినప్పుడు, లింటెలు వరకు గోడలు లేచినప్పుడు, స్లాబు పోసినప్పుడు, పూతలు ముగిసినప్పుడు. పునాదికి సొమ్ము ఇచ్చుటకు ముందు, రాళ్లు నింపకముందే మీరే గుంతలోకి దిగి, గరుసు తగిలినదో లేదో పారతో కొట్టి చూచుకొనుడు. మా నాయన ఆ ఒక్కటి చేసి ఉన్నచో మా గోడ బీటవారెడిది కాదు. స్లాబుపై మళ్లు కట్టి నీరు నిలుపుట మనకు క్రొత్త విద్య కాదు. మడిలో నీరు ఆరకుండ చూచుకొన్నట్లే చూచుకొనవలెను. గోడలపై గోనెసంచులు తడిపి వేసినచో, ఊరికే నీరు చల్లుటకన్న తక్కువ నీటితో ఎక్కువ తడి నిలుచును. బోరులో నీరు తక్కువగల గ్రామములలో ఇది ముఖ్యము.

మొత్తములో నూటికి 5 వంతులు మీ వద్దనే నిలుపుకొనవలెను. సర్కారు పనులలో ఇది మామూలే. మేస్త్రికి ముందే చెప్పి కాగితములో వ్రాసినచో నొచ్చుకొనడు. కడప జిల్లాలో గట్టి వానలు తరచుగా ఆశ్వయుజ, కార్తీకములలో పడును గనుక, ఒక్క నైరుతి వానలు చూచి తృప్తిపడరాదు. కార్తీకము వెళ్లిన తరువాత మేస్త్రిని పిలిపించి, ఇద్దరును కలిసి మిద్దె ఎక్కి, క్రిందికి దిగి గోడలపై చేయి వేసి చూడవలెను. చెమ్మగాని, బీటగాని లేనిచో ఆ మిగిలిన సొమ్మును అదే దినమున, అతడు అడుగకముందే ఇచ్చివేయవలెను.